చాండ్లర్‌లో ఇంటర్మీడియట్

అరిజోనా అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేవి రెండే. ఒకటి గ్రాండ్ కాన్యన్, రెండోది ఎండ. డల్లాస్ నుంచో, న్యూజెర్సీ నుంచో ఫోన్ చేసే మిత్రులు "ఇవాళ ఎంతేంటి?" అని అడుగుతారు. అడిగేది పిల్లల మార్కుల గురించి కాదు, డిగ్రీల గురించి! 2023 వేసవిలో ఫీనిక్స్‌లో వరుసగా 31 రోజులు పగటి ఎండ 110 డిగ్రీలకు తగ్గలేదు. బెజవాడ ఎండల్లో పెరిగినవాళ్ళం, మాకిదో లెక్కా అని మొదట్లో గొప్పలు పోయేవాళ్ళం. అక్కడి రోహిణి కార్తె రెండు వారాలైతే, ఇక్కడిది నాలుగు నెలలని తర్వాత తెలిసింది.

ఇంత ఎండలోనూ మా చాండ్లర్‌లో బడులు జులైలోనే తెరిచేస్తారు. మిగతా రాష్ట్రాల పిల్లలు ఇంకా సముద్రం ఒడ్డున ఇసుకగూళ్ళు కట్టుకుంటుంటే, మా పిల్లలు మంచినీళ్ళ సీసాలు పట్టుకుని క్లాసులకి బయల్దేరతారు. బదులుగా అక్టోబరులో రెండు వారాలు, డిసెంబరులో రెండు వారాలు, మార్చిలో రెండు వారాలు సెలవులిస్తారు. దసరా కొన్నేళ్ళు సరిగ్గా ఆ అక్టోబరు సెలవుల్లోనే పడుతుంది. అమెరికాలో ఇంకెక్కడైనా దసరా సెలవులున్నాయేమో నాకైతే తెలియదు, మాకు మాత్రం అప్పుడప్పుడు కలిసొస్తాయి!

ఊరి గురించి రెండు మాటలు. అలెగ్జాండర్ చాండ్లర్ అనే పశువుల డాక్టరు ఇక్కడి ఎడారిలో భూములు కొని, కాలువ నీళ్ళు పారించి, 1912లో ఈ ఊరికి పునాది వేశాడు. మరుసటేడు శాన్ మార్కోస్ హోటల్ కట్టించాడు. అప్పట్లో ఇక్కడ ఉష్ట్రపక్షుల్ని పెంచి, వాటి ఈకల్ని దొరసానుల టోపీలకి అమ్మేవారట. ఆ ఫ్యాషన్ పోయినా ఊళ్ళో ఉష్ట్రపక్షి పండుగ ఉండిపోయింది. 1980లో ఇంటెల్ వచ్చింది. ఈకలు పోయి చిప్పులు వచ్చాయన్నమాట. ఆ చిప్పుల వెనకాలే మనవాళ్ళు వచ్చారు. మనవాళ్ళ వెనకాల పచ్చళ్ళు, సంక్రాంతి ముగ్గులు, కూచిపూడి క్లాసులు, ఇంకా ఎప్పటికీ తెగని ఆ ప్రశ్నా వచ్చాయి. "పిల్లని ఏ స్కూల్లో వేశారు?"

నేను చెప్పదలుచుకున్నది ఆ ప్రశ్న గురించే. అందులోనూ చివరి రెండేళ్ళ గురించి.

మనకి పదో తరగతి అవగానే బడి అయిపోతుంది. తర్వాత రెండేళ్ళు 'కాలేజీ'. యూనిఫాం ఉన్నా, గేటు దగ్గర వాచ్‌మన్ ఉన్నా, పేరు మాత్రం కాలేజీయే. ఇంగ్లండులో ఉండే మా తోడల్లుడి పిల్లలకీ ఇలాంటిదే ఉంది. పదహారేళ్ళు నిండాక సిక్స్త్ ఫామ్ అని రెండేళ్ళు, మూడు నాలుగు సబ్జెక్టులే, అవి లోతుగా. అమెరికాలో అలా విడిగా ఏమీ ఉండదు. నాలుగేళ్ళ హైస్కూల్లో చివరి రెండేళ్ళే జూనియర్, సీనియర్. అందుకని మా అమ్మ గుంటూరు నుంచి "పిల్ల ఇంటర్ ఏ కాలేజీలోరా?" అని అడిగితే, "ఇంకా స్కూల్లోనే అమ్మా" అంటాను. అవతల ఒక్క క్షణం నిశ్శబ్దం! ఆ పైన "ఏపీ కెమిస్ట్రీ తీసుకుంది" అంటే, "అక్కడ కూడా మన ఆంధ్రప్రదేశ్ సిలబస్సేనా?" అని సంతోషపడింది. ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అనీ, హైస్కూల్లోనే కాలేజీ స్థాయి పాఠం చదివి, మే నెలలో పరీక్ష రాస్తే 1 నుంచి 5 దాకా స్కోరు ఇస్తారనీ వివరించాను. "అయిదు మార్కులకేనా ఇంత హడావిడి!" అంది.

ఇక చాండ్లర్‌లో స్కూళ్ళ సంగతి. 1914లో మొదలైన చాండ్లర్ హైస్కూలు ఊరి నడిబొడ్డున ఉంది. అక్కడ ఐబీ డిప్లొమా చదవొచ్చు. అదే అరిజోనా అవెన్యూ మీద దక్షిణంగా వెళ్తే 1998లో తెరిచిన హామిల్టన్ హైస్కూలు వస్తుంది. బాషా, పెర్రీ, అరిజోనా కాలేజ్ ప్రెప్ కూడా ఈ జిల్లావే. ఇవి కాక చార్టర్ స్కూళ్ళున్నాయి. 1994లో రాష్ట్రం చట్టం చేశాక పుట్టుకొచ్చిన ఈ చార్టర్ స్కూళ్ళకి ప్రభుత్వమే డబ్బిస్తుంది, నడిపేది వేరేవాళ్ళు. టూసాన్‌లో 1998లో మొదలైన బేసిస్ సంస్థ చాండ్లర్ శాఖ 2011లో తెరిచింది. అక్కడ పిల్లలు పదకొండో తరగతికల్లా ప్రధాన పాఠాలన్నీ ముగించి, పన్నెండో తరగతి చివర్లో సొంతంగా ఒక ప్రాజెక్టు చేస్తారు. మనవాళ్ళ పిల్లలు అక్కడ బోలెడంతమంది. పాట్‌లక్కుల్లో పులిహోర పళ్ళెం చుట్టూ జరిగే చర్చ అంతా ఇదే: బేసిసా, హామిల్టనా? పూర్వం మన ఊళ్ళో ఎన్‌టీఆరా, ఏఎన్నారా అని కొట్టుకున్నట్టు!

మా అమ్మాయి హామిల్టన్‌కి వెళ్తానంది. కారణం ఫిజిక్సు కాదు, ఆర్కెస్ట్రా. ఆరో తరగతి నుంచి వయొలిన్ వాయిస్తోంది. వయొలిన్ అంటే ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పేరు విన్నవాళ్ళం కాబట్టి మాకు గౌరవమే. కానీ పదకొండో తరగతికి వచ్చేసరికి మా ఇంట్లో లెక్కలు మొదలయ్యాయి. ఆర్కెస్ట్రా ఒక పీరియడ్ తినేస్తుంది. అది మానేస్తే ఇంకో ఏపీ పడుతుంది. అలా మాన్పించిన కుటుంబాలు మాకు తెలుసు. వాళ్ళని తప్పు పట్టను, ఎవరి లెక్క వారిది.

నేను ఇంటర్ చదివింది 1995-97లో, బెజవాడ పక్కన ఒక హాస్టల్లో. ఎంపీసీ. తెల్లవారుజామున 5 గంటలకి స్టడీ అవర్, రాత్రి పదింటికి మళ్ళీ స్టడీ అవర్. మొత్తం 1000 మార్కులు, ఆ పైన ఎంసెట్. ఆ రెండేళ్ళలో ఒక్క పాట నేర్చుకున్నామా, ఒక్క బొమ్మ గీశామా అంటే, జువాలజీ రికార్డు ఉన్న బైపీసీ వాళ్ళు కప్ప బొమ్మలు గీశారంతే. అలాంటి చోటు నుంచి వచ్చిన నాకు అరిజోనా నిబంధనలు చదివితే ఆశ్చర్యమేసింది. హైస్కూలు పట్టాకి 22 క్రెడిట్లు కావాలి. ఇంగ్లీషు 4, లెక్కలు 4, సైన్సు 3, సామాజిక శాస్త్రాలు 3. వీటితో పాటు లలితకళో, వృత్తివిద్యో ఒక క్రెడిట్ ఉండి తీరాలి. ఇక్కడి మూడు ప్రభుత్వ విశ్వవిద్యాలయాలైతే ఒక ఏడాది కళో, వృత్తివిద్యో, రెండేళ్ళు ఒకే పరభాష చదివి రమ్మంటాయి. ఇంజనీరింగుకి వెళ్ళే పిల్లాణ్ణి నువ్వు ఏ బొమ్మ గీశావు, ఏ వాయిద్యం వాయించావు అని అడిగే లోకం ఒకటుందని నాకు పదహారేళ్ళప్పుడు ఎవరూ చెప్పలేదు.

అమ్మాయి ఆర్కెస్ట్రా ఉంచుకుంది. ఇంకో ఏపీ బదులు, చాండ్లర్-గిల్బర్ట్ కమ్యూనిటీ కాలేజీ క్రెడిట్లు వచ్చే డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ క్లాసు తీసుకుంది. హైస్కూల్లో తన బెంచీ మీదే కూర్చుని, తన టీచరు దగ్గరే చదివినా, కాలేజీ ట్రాన్‌స్క్రిప్టులో మార్కు పడుతుంది. ఒక్క సంగతి తల్లిదండ్రులు ముందే తెలుసుకోవాలి. 1974 నాటి విద్యార్థుల గోప్యతా చట్టం ప్రకారం, కాలేజీ మార్కుల మీద హక్కు పిల్లలదే, ఫీజు కట్టిన నాన్నది కాదు!

ఈ గోప్యత సంగతి విని అందరికన్నా ఎక్కువ ఆశ్చర్యపోయింది మా మామగారు. ఆయన తెనాలి వైపు ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో ముప్పయ్యేళ్ళు తెలుగు లెక్చరరుగా చేసి రిటైరయ్యారు. మొన్న శీతాకాలం ఆర్నెల్లు మా దగ్గరున్నారు. "మార్కులు నోటీసు బోర్డులో అంటించరా? పేపర్లో ఫోటోలు వెయ్యరా? మరి ఫస్టు ఎవరొచ్చారో ఊరికి ఎలా తెలుస్తుందయ్యా?" అని అడిగారు. తెలియదు మావయ్యగారూ, అన్నాను. కాసేపు ఆలోచించి, "పోన్లే, ఆఖరున ఎవరొచ్చారో కూడా తెలియదుగా!" అన్నారు.

ఆయనకి చాండ్లర్‌లో అన్నిటికన్నా నచ్చింది లైబ్రరీ. హామిల్టన్ హైస్కూల్లో ఉన్నది వట్టి స్కూలు లైబ్రరీ కాదు, ఊరి లైబ్రరీ శాఖ కూడా అదే. బాషా హైస్కూల్లోనూ అంతే. ఒకవైపు హోంవర్కు చేసుకునే పిల్లలు, మరోవైపు పేపరు చదువుకునే పెద్దవాళ్ళు, కథల పుస్తకాల కోసం వచ్చిన పసిపిల్లల తల్లులు. ఒక్క భవనం కట్టి ఇద్దరు వాడుకోవడం మన పొదుపు బుద్ధికి బాగా నచ్చే పని. చాండ్లర్ హైస్కూలు పక్కనున్న కళాకేంద్రమూ ఇలాంటిదే. 1989 నుంచి నగరమూ, స్కూలు జిల్లా కలిసి వాడుకుంటున్నాయి. సుమారు 1,500 మంది కూర్చునే హాలది. టిక్కెట్టు కొని బయటి కళాకారుల్ని చూసే వేదిక మీదే పదహారేళ్ళ పిల్లలూ నాటకం ఆడతారు. మామగారు సాయంత్రాలు హామిల్టన్ లైబ్రరీలో కూర్చుని, మనవరాలి రిహార్సలు అయ్యేదాకా పిల్లల్ని గమనించేవారు. "వీళ్ళు నవ్వుతూ చదువుతున్నారయ్యా" అన్నారు ఒకరోజు. అది మెచ్చుకోలో ఫిర్యాదో నాకు అర్థం కాలేదు.

అలాగని ఇక్కడ ఒత్తిడి లేదనుకోకండి. ఏప్రిల్ చివర్లో ఏ ఇంటర్ పిల్లల ఇంటికైనా వెళ్ళి చూడండి. అర్ధరాత్రి ఒంటి గంటకి లైటు వెలుగుతూ ఉంటుంది. ఒకే వారంలో మూడు ఏపీ పరీక్షలు, మధ్యలో కచేరీ, శనివారం రోబోటిక్స్ పోటీ. హామిల్టన్ జట్టు మైక్రోబాట్స్ పిల్లల్ని అడిగితే నిద్ర అనే పదానికి అర్థం చెప్పలేరు! మా అమ్మాయి ఐడీ కార్డు వెనక, మనసు బాగోలేని పిల్లలు పిలవాల్సిన హెల్ప్‌లైన్ నంబరు ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు నా గుండె గుభేలుమంది. తర్వాత, మా హాస్టల్ రోజుల్లో మాకెవరికీ అలాంటి నంబరు ఇవ్వలేదు కదా అనిపించింది. అవసరమైనవాళ్ళు అప్పుడూ ఉన్నారు.

చదువు కాని చదువు ఇంకోటుంది, ఫుట్‌బాల్. అరిజోనా అవెన్యూకి ఆ చివరొకటి, ఈ చివరొకటిగా ఉన్న చాండ్లర్, హామిల్టన్ స్కూళ్ళ మధ్య ఆటకి 'బ్యాటిల్ ఫర్ అరిజోనా అవెన్యూ' అని పేరు. పల్నాటి యుద్ధం అంత కాకపోయినా కోడిపందెం అంత ఉంటుంది. 2014లో చాండ్లర్ జట్టు ఫైనల్లో హామిల్టన్‌నే ఓడించి రాష్ట్ర కప్పు గెలిచింది. అంతకుముందు వాళ్ళు గెలిచింది 1949లో! ఆ ఆట నియమాలు నాకు ఇప్పటికీ సగమే తెలుసు. ఆట మధ్య విరామంలో బ్యాండు కవాతు కోసం వెళ్తాను. రెండు వందల మంది పిల్లలు వాయిద్యాలు మోస్తూ, అడుగు తప్పకుండా మైదానంలో బొమ్మలు కడుతుంటే చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు.

సివిక్స్ పరీక్ష సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం పూర్తి కాదు. అమెరికా పౌరసత్వానికి మనం బట్టీ పట్టే ఆ ప్రశ్నలే హైస్కూలు పిల్లలు కూడా రాసి పాసవ్వాలని 2015 జనవరిలో చట్టం చేసిన మొదటి రాష్ట్రం అరిజోనా. అప్పట్లో 100 ప్రశ్నలకి 60 రావాలన్నారు. మా ఆవిడ పౌరసత్వం ఇంటర్వ్యూకి చదువుకుంటున్న రోజుల్లోనే అమ్మాయికి స్కూల్లో ఈ పరీక్ష పడింది. వంటింట్లో చపాతీలు ఒత్తుతూ తల్లీకూతుళ్ళు ఒకరినొకరు ప్రశ్నలడుక్కున్నారు. ఇక్కడ పుట్టిన పిల్లా, ఇక్కడికి వచ్చిన తల్లీ ఒకే పుస్తకం చదివి పౌరులవడం నాకెందుకో బాగా నచ్చింది.

కానీ ఒకే తరగతిలో కూర్చున్న పిల్లలందరిదీ ఒకే దారి కాదు. మా మిత్రుల అబ్బాయి నాలుగేళ్ళప్పుడు ఇక్కడికి వచ్చాడు. మా అమ్మాయీ వాడూ కెమిస్ట్రీ ల్యాబులో ఒకే బల్ల దగ్గర పనిచేస్తారు. వాడి మార్కులు మా పిల్లకన్నా ఎక్కువని మా పిల్లే చెప్పింది (చట్టం నోరు మూయించలేని చోటు మధ్యాహ్నం లంచ్ టేబుల్!). వేసవిలో మా అమ్మాయి ఐస్‌క్రీం కొట్లో పని చేసి సొంత డబ్బుతో బూట్లు కొనుక్కుంది. వాడు చెయ్యలేడు. హెచ్4 వీసా మీద ఉన్న పిల్లలు జీతం తీసుకునే పనేదీ చెయ్యకూడదు. అందుకని లైబ్రరీలో ఊరికే సాయం చేస్తాడు. కేంద్ర ప్రభుత్వ ఆర్థిక సాయం వాడికి రాదు. చాలా స్కాలర్‌షిప్పు ఫారాలు మొదటి పేజీలోనే పౌరసత్వం అడిగి ఆగిపోతాయి. తండ్రి గ్రీన్‌కార్డు దరఖాస్తు 2016 నాటిది. ఏ ఒక్క దేశానికీ ఏడాదికి 7 శాతానికి మించి ఇవ్వరు కాబట్టి ఇండియా వాళ్ళ వరస కదలదు. వాడికి 21 ఏళ్ళు నిండేలోపు ఆ వరస కదలకపోతే తండ్రి వీసా నీడ పోతుంది. పదమూడేళ్ళుగా ఉన్న ఊళ్ళోనే విదేశీ విద్యార్థి వీసా తీసుకుని చదువుకోవాలి.

ఒక్క ఊరట ఉంది. 2022 నవంబరులో అరిజోనా ఓటర్లు 308వ ప్రతిపాదనని నెగ్గించారు. ఇక్కడి హైస్కూల్లో కనీసం రెండేళ్ళు చదివి, ఇక్కడే పట్టా పుచ్చుకుంటే, వీసా సంగతితో నిమిత్తం లేకుండా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లోనూ, కమ్యూనిటీ కాలేజీల్లోనూ రాష్ట్రవాసుల ఫీజే. ఈ చట్టం గురించి తెలియని కుటుంబాలు మనలో ఇంకా ఉన్నాయి. పిల్లలు పదో తరగతిలో ఉండగానే వాకబు చేసుకోండి. మధ్యలో ఉద్యోగం మారి వేరే రాష్ట్రం వెళ్ళాల్సి వస్తే ఆ రెండేళ్ళ లెక్క దెబ్బతింటుంది. మా మిత్రుడు ఈ ఒక్క కారణంతో కాలిఫోర్నియాలో వచ్చిన మంచి ఉద్యోగం వదులుకున్నాడు. "జీతం మళ్ళీ పెరుగుతుంది అన్నయ్యా, వాడి పన్నెండో తరగతి మళ్ళీ రాదు" అన్నాడు.

ఇక మా ఇంట్లో జరిగిన అసలు పరీక్ష గురించి. రెండు భాషలు బాగా వచ్చిన పిల్లల పట్టా మీద బంగారు రంగు ముద్ర వేసేలా 2016లో అరిజోనా చట్టం చేసింది. దాన్ని సీల్ ఆఫ్ బైలిటరసీ అంటారు. స్పానిష్, ఫ్రెంచ్ మాత్రమే కాదు, గుర్తింపు ఉన్న పరీక్ష ఉంటే వేరే భాషలకీ వర్తిస్తుంది. తెలుగుకి అవాంట్ సంస్థ నడిపే పరీక్ష ఉంది. రాయడం, మాట్లాడటం, రెండూ కంప్యూటర్ మీదే. మా అమ్మాయికి ఆదివారం తెలుగు బడి పుణ్యమా అని అక్షరాలు వచ్చు, ఇంట్లో మాట్లాడుతుంది. కానీ తడుముకోకుండా ఒక పేరా రాయడం వేరే సంగతి కదా!

మామగారు రంగంలోకి దిగారు. ఆయనకి ఒక పాత బాధ ఉంది. ఇంటర్‌లో రెండో భాషగా సంస్కృతం తీసుకుంటే నూటికి తొంభై అయిదు పైనే వస్తాయని పిల్లలంతా అటు పోయారు. ఏడాదికేడాది ఆయన క్లాసు పల్చబడింది. ఆఖరికి ఆయన సొంత కూతురు, అంటే మా ఆవిడ కూడా సంస్కృతమే తీసుకుని 98 తెచ్చుకుంది! ఆయన కొడతారేమో అనుకుందట. ఏమీ అనకుండా స్వీటు కొనిచ్చారట.

రోజూ రాత్రి భోజనాలయ్యాక తాతా మనవరాళ్ళ క్లాసు. ఆయన మొదట వ్యాకరణంతో మొదలుపెట్టారు. రెండో రోజుకే పిల్ల ఆవలిస్తోందని గమనించి, పద్ధతి మార్చారు. "ఇవాళ మీ ఆర్కెస్ట్రాలో ఏం జరిగిందో చెప్పు. ఒక్క ఇంగ్లీషు ముక్క దొర్లినా పావలా" అన్నారు. క్వార్టర్ అన్నమాట. మొదటి వారంలో ఆయన దగ్గర పన్నెండు డాలర్లు పోగయ్యాయి. టైపింగు నా వంతు. 2006లో వచ్చిన లేఖినిలో ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు రాయడం నేర్చుకున్నవాణ్ణి కనుక నాకు తేలికే. ఆయన వెనక నిలబడి, 'క్ష' కోసం మనవరాలు నాలుగు మీటలు నొక్కుతుంటే చూసి, "నేను ఒక్క గీతలో రాస్తాను గదే" అని సుద్దముక్క కోసం జేబు తడుముకున్నారు.

పరీక్షలో ఏ విషయం మీద రాయాలో ముందు తెలియదు. కంప్యూటర్ ముందు మైకు పెట్టుకుని మాట్లాడాలి, ఎదురుగా మనిషి ఉండడు. అది ఆయనకి నచ్చలేదు. "ఎదుటివాడి మొహం చూడకుండా తెలుగెలా మాట్లాడతారు?" అన్నారు. అందుకని పరీక్ష ముందురోజు ఆయన పక్కగదిలో కూర్చుని, తలుపు వేసుకుని, ఫోన్లో ప్రశ్నలడిగారు. ఇవతల గదిలోంచి పిల్ల జవాబులు చెప్పింది. మా అబ్బాయి మధ్యలో దూరి, తాతయ్య తరఫున పావలాలు వసూలు చేశాడు.

ఫలితం వచ్చే సమయానికి ఆయన తెనాలి తిరిగి వెళ్ళిపోయారు. అరిజోనాలో గడియారాలు ముందుకీ వెనక్కీ తిప్పరు కాబట్టి మాకూ ఇండియాకీ ఏడాది పొడవునా తేడా పన్నెండున్నర గంటలే. రాత్రి ఎనిమిదిన్నరకి ఫోన్ చేస్తే ఆయనకి ఉదయం తొమ్మిది. "తాతయ్యా, పాసయ్యాను. ముద్ర వస్తుంది" అని చెప్పింది. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మార్కులు ఎన్నొచ్చాయో అడగనులే, మీ చట్టం ఒప్పుకోదుగా" అన్నారు. పక్కనుంచి అత్తయ్యగారు, "పొద్దున్నుంచీ కాలేజీ స్టాఫ్‌రూం వాళ్ళందరికీ ఫోన్లు చెయ్యడానికి లిస్టు రాసుకుని కూర్చున్నారే!" అని గుట్టు బయటపెట్టారు.

మే చివర్లో గ్రాడ్యుయేషన్. సూర్యుడు దిగాక చేసినా చెమటలు తప్పవు, వచ్చే బంధువులు నూలు బట్టలు తెచ్చుకోవాలి. మా మిత్రుల అబ్బాయి, మా అమ్మాయి ఇద్దరూ అరిజోనా స్టేట్ యూనివర్సిటీకే వెళ్తున్నారు, వాడు కెమికల్ ఇంజనీరింగు, ఇది కంప్యూటర్లు. వయొలిన్ కూడా హాస్టల్‌కి వస్తుందట. ఆ తర్వాత రెండు నెలలైనా గడవకుండానే జులైలో మళ్ళీ బడులు తెరుస్తారు. మావాడు తొమ్మిదో తరగతి. మార్చింగ్ బ్యాండులో సూసాఫోన్ వాయిస్తాడట. అది ముప్పై పౌండ్ల బరువు, ప్రాక్టీసు జులై ఎండలో. మీ ఇంట్లో ఎవరైనా ఇప్పటికే అది మోసినవాళ్ళుంటే, కారులో ఎలా పడుతుందో కాస్త చెప్పండి.